అర్జీ పట్టుకుని ఏళ్లు తిరిగినా ఆశ ఎండిపోకుండా: మా శ్మశానం పోరాటంలో పనికొచ్చిన పద్ధతులు

సోమవారం పూట కలెక్టరాఫీసు వరండాలో ఓ గంట కూచుని చూడండి. మొదటిసారి వచ్చినవాళ్లు అర్జీని నలగకుండా రెండు చేతులతో పట్టుకుంటారు. నాలుగోసారి వచ్చినవాళ్లు మడిచి చంకలో పెట్టుకుంటారు. పదోసారి వచ్చినవాళ్లు దాంతో విసురుకుంటూ ఉంటారు. మా కాలనీవాళ్లం ఈ మూడు దశలూ దాటాం.

మాది నెల్లూరు జిల్లాలో ఒక ఊరి ఎస్సీ కాలనీ. మా శ్మశానం రికార్డులో ఎకరా 12 సెంట్లు. నేల మీద కొలిస్తే 67 సెంట్లు. మిగతా 45 సెంట్లు ఎవరూ ఒక్కరోజులో లాక్కోలేదు. ఏడాదికో సాలు చొప్పున పక్క చేలో కలిసిపోయింది. 2017 ఎండాకాలంలో ఒకరిని పూడ్చడానికి గుంత తవ్వుతుంటే పారకి పాత ఎముకలు తగిలాయి. పక్కకి జరిగి తవ్వితే అక్కడా తగిలాయి. ఇంకాస్త జరుగుదామంటే ఆ నేలలో వేరుశనగ మొలిచి ఉంది. ఆ సాయంత్రం నుంచి మా తిరుగుడు మొదలైంది.

నేను లాయర్ని కాను, నాయకురాలినీ కాను. 1991లో అక్షర దీపం అనే అక్షరాస్యత కార్యక్రమం రాత్రిబడిలో పలకలు పట్టించిన 18 ఏళ్ల పిల్లని, ఇప్పుడు డ్వాక్రా గ్రూపు లెక్కలు రాసుకునే ఆడమనిషిని. ఈ మధ్య పక్క మండలాల నుంచి కొందరు వచ్చి, "అక్కా, ఇన్నేళ్లు ఎట్లా ఓపిక పట్టారు?" అని అడుగుతున్నారు. ఓపిక మాకూ లేదు. ఓపిక లేకపోయినా పని సాగే ఏర్పాటు ఒకటి కుదిరింది. అదే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక మాట. ఎదుటివాళ్ల బలం చూసి మావాళ్లు ఎప్పుడూ జావగారిపోలేదు, అది పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. "సరేలే, చూస్తాం, పోయి రండి" అన్న మాటకి జావగారిపోయారు. ఎప్పుడు చూస్తారు? ఎవరు చూస్తారు? మళ్లీ ఎప్పుడు రావాలి? ఇవేవీ తెలియకుండా ఇంటికి వచ్చిన మనిషి ఆ రాత్రే సగం మానేస్తాడు. అందుకని కింద చెప్పిన పనులన్నీ ఒకే ఉద్దేశంతో పెట్టుకున్నవి: ఎక్కడికి వెళ్లినా తిరిగొచ్చేటప్పుడు పుస్తకంలో తర్వాతి తేదీ ఒకటి రాసుకోగలగాలి.

మొదటి పని: జరిగిన అన్యాయాన్ని ఒక్క వాక్యంలోకి దించండి

మా మొదటి అర్జీ నాలుగు పేజీలు. అందులో శ్మశానం ఉంది, వీధి దీపాలున్నాయి, బడిలో పిల్లల్ని విడిగా కూచోబెట్టిన సంగతి ఉంది, మా తాతని రచ్చబండ మీద నుంచి దించేసిన కథ కూడా ఉంది. అన్నీ నిజాలే. రాసేటప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్నాం కూడా. తీసుకున్న గుమాస్తా చివరి పేజీ తిప్పి, "ఇంతకీ మేం ఏం చెయ్యాలమ్మా?" అన్నాడు. వెటకారం కాదు, అతనికి నిజంగానే అర్థం కాలేదు.

రెండోసారి ఇట్లా రాశాం: "ఫలానా సర్వే నంబరులో శ్మశానంగా నమోదైన 1.12 ఎకరాలను కొలిపించి హద్దు రాళ్లు నాటించగలరు." అంతే.

దీనికి మేం పట్టిన పద్ధతి చెప్తా. ఐదారుగురు కూచోండి. ఒక్కొక్కరూ తమకి తోచినట్టు సమస్య చెప్పాలి. ఒకరు రాయాలి. తర్వాత ఒక్కో వాక్యం దగ్గర ఆగి అడగాలి: ఈ పని ఒక అధికారి ఒక సంతకంతో చేయగలడా? చేయలేనిదైతే అర్జీ నుంచి తీసేయండి. చేయగలిగేదైతే ఏ అధికారి, ఏ చోటు, ఎంత అన్నది అందులో కనపడాలి.

తీసేసినవాటిని పారేయొద్దు. మా పుస్తకం వెనక పేజీల్లో అవన్నీ వరసగా ఉన్నాయి. లేకపోతే మా తాత రచ్చబండ సంగతి చెప్పుకున్న పెద్దాయన రెండో సమావేశానికి వచ్చేవాడు కాదు. తన బాధ కొట్టేశారనుకున్న మనిషి మళ్లీ రాడు. "మీది వెనక పేజీల్లో ఉంది, దాని వంతు వస్తుంది" అంటే వస్తాడు.

రెండో పని: సంచి

ఇది చిన్న విషయంలా కనపడుతుంది. నా లెక్కలో ఇదే అన్నిటికంటే పెద్దది.

ఒక గుడ్డసంచి, రెండువందల పేజీల లాంగ్ నోట్‌బుక్. పుస్తకం తెరిస్తే ఎడమ పేజీలో: తేదీ, ఎవరెవరు వెళ్లారు, ఎవరిని కలిశారు, ఆయన అన్న మాట అన్నట్టుగా. కుడి పేజీలో ఒక్కటే: మళ్లీ ఎప్పుడు. అధికారి తేదీ చెప్పకపోతే మనమే వేసుకోవాలి. "15 రోజుల తర్వాత అడుగుతాం" అని ఆయన ముందే రాసుకుంటే ఇంకా మంచిది. పుస్తకంలో రాస్తుంటే మాట తీరు మారుతుంది, మీరే చూస్తారు.

సంచిలో ఉండాల్సినవి: ప్రతి అర్జీకీ ముట్టినట్టు సంతకం, తేదీ, ముద్ర పడిన నకలు. భూమి గొడవైతే ఆర్‌ఎస్‌ఆర్ (సర్వే నంబర్ల పాత రిజిస్టరు) నకలు, ఎఫ్‌ఎంబీ (నేల కొలతలు) పటం, అడంగల్ (ఏ నేల ఎవరి సాగులో ఉందో రాసే లెక్క). మా వైపు పాత కరణాలు డైగ్లాట్ అనే రిజిస్టరు కూడా దొరికితే తీసుకోండి, మా శ్మశానం మొదట కనపడింది అందులోనే. అన్నిటికీ రెండు జతల జిరాక్సులు, రెండు వేర్వేరు ఇళ్లలో. ఫోన్లో ఫొటోలు తీసుకోండి గానీ ఫోన్‌ని నమ్ముకోకండి.

మా సంచి ఒక అవ్వ దగ్గర ఉండేది. ఆమెకి అక్షరం ముక్క రాదు. ఆమె దగ్గర పెట్టడానికి కారణం, అడిగినవాళ్లందరికీ ఇచ్చేసే మొహమాటం ఆమెకి లేదు. వాళ్ల సొంత కొడుకు అడిగినా, "ఎవురెవురు పోతున్నారు? ఇద్దురు లేకుండా ఈను" అనేది.

మేం తిరుగుతుండగా తహసీల్దార్లు మారుతూనే ఉన్నారు. మూడో ఆయన వచ్చిన కొత్తల్లో వెళ్తే, "మీ ఫైలే లేదమ్మా ఇక్కడ" అన్నారు. నాతో వచ్చిన ఇద్దరి మొహాలు పాలిపోయాయి. రెండేళ్ల తిరుగుడు గాలికి పోయిందనుకున్నారు. నేను సంచిలోంచి ఒక్కో కాగితం తీసి బల్ల మీద పెట్టాను, తేదీల వరసన, ముద్రలు పైకి కనపడేట్టు. గంటలో కొత్త ఫైలు కట్టారు. బస్సులో వస్తూ ఆ ఇద్దరిలో చిన్నవాడు, "అక్కా, ఫైలు వాళ్ల దగ్గర పోయినా మన దగ్గర పోలేదు" అన్నాడు. ఆ పిల్లాడు ఇప్పటిదాకా ఒక్క వాయిదా తప్పలేదు.

నెలకోసారి ఆ పుస్తకాన్ని కాలనీలో అందరి ముందూ చదవాలి. ముఖ్యంగా పోయినేడు ఇదే నెల పేజీ చదవాలి. రోజూ చూసే మనిషికి పిల్లలు ఎదుగుతున్నట్టు తెలియదు కదా, పని కూడా అంతే. "నిరుడు ఈ నెలకి మనకి సర్వే నంబరు కూడా తెలీదు" అని ఎవరో ఒకరు అంటారు. నేనైతే ఆ మాట కోసమే చదివేదాన్ని.

మూడో పని: గడువున్న తలుపు తట్టండి

అర్జీ ఇవ్వడం మానొద్దు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ కలెక్టరేట్లలో సోమవారం అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు. కానీ అర్జీ ఒక్కదాన్నే నమ్ముకుంటే "చూస్తాం" దగ్గరే ఉండిపోతాం. గడువు దాటితే అడిగే హక్కు మనకిచ్చే దారి ఇంకోటి ఉంది: సమాచార హక్కు చట్టం. 2005 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉంది. పేరు అందరూ విన్నదే, వాడే తీరు మాత్రం చాలామందికి తెలియదు.

తెల్లకాగితం మీద తెలుగులోనే రాయొచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయాలకి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లు రేషన్ కార్డు జిరాక్సు జతచేస్తే అదీ అక్కర్లేదు. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని లేదు. అడిగితే, చట్టం చెప్పనక్కర్లేదంటుందని మర్యాదగా చెప్పండి.

అడగడంలోనే ఉంది కిటుకు. "మా పని ఎందుకు చేయలేదు?" అని రాయకండి. కారణాలు, సంజాయిషీలు ఈ చట్టం కింద రావు, రికార్డులో ఉన్నదే వస్తుంది. మేం రాసింది ఇది:

- ఫలానా తేదీన మేం ఇచ్చిన అర్జీ మీద ఇప్పటివరకు తీసుకున్న చర్యలను తేదీలవారీగా తెలపగలరు.
- ఆ అర్జీ ఏ ఉద్యోగి వద్ద ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నదో హోదాతో సహా తెలపగలరు.
- సదరు ఫైలులోని నోట్ ఫైలు, ఉత్తరాల నకళ్లు ఇవ్వగలరు.

రెండో ప్రశ్న చూడ్డానికి మామూలుగా ఉంటుంది. దానికి జవాబు రాయాలంటే ఎవరో ఒకరు తన హోదా పక్కన, కదలకుండా ఉన్న నెలల లెక్క తానే రాయాలి. అది రాయడం కంటే ఫైలు కదపడమే సులువు. మాకు 27వ రోజున పిలుపొచ్చింది, సర్వేయరు ఫలానా రోజు వస్తున్నాడని. జవాబు కాగితం ఆ తర్వాత వచ్చింది.

తేదీల లెక్క ఇదీ. జవాబుకి 30 రోజులు. రాకపోతే, లేదా సగమే వస్తే, 30 రోజుల్లోపు అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు. దాని మీద 30 రోజుల్లో, ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. గడువు దాటిన అధికారికి రోజుకి 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కి ఉంది. గడువు దాటాక ఇచ్చే నకళ్లకి డబ్బు తీసుకోకూడదు. కమిషన్ దగ్గర మాత్రం చాలా ఆలస్యమవుతుంది, అందులో మిమ్మల్ని మభ్యపెట్టను. అయినా దరఖాస్తు వేసిన రోజునే పుస్తకంలో కుడిపక్క నాలుగు తేదీలు వరసగా రాసి పెట్టుకోవచ్చు. ఆ నాలుగు తేదీలు మా కాలనీకి ఆరు నెలలకి పైగా ఊపిరి పోశాయి.

ఇంకో రెండు కాగితాలు కూడా పనికొచ్చాయి. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించే ఏర్పాటు చేయమని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. ఆ తీర్పు నకలు అర్జీకి జతచేశాం. మన దగ్గర ప్రభుత్వ భూమి ఆక్రమణకి 1905 నాటి చట్టం ఒకటి ఉంది. ముందు సెక్షన్ 7 కింద నోటీసు ఇస్తారు, ఆ తర్వాత సెక్షన్ 6 కింద ఖాళీ చేయిస్తారు. ఇది తెలిశాక మేం ఆఫీసుకి వెళ్లి "న్యాయం చేయండి" అనడం మానేశాం. "సెక్షన్ 7 నోటీసు ఎప్పుడు ఇస్తారు?" అని అడగడం మొదలుపెట్టాం.

లెక్క మీరే తీయండి

"అక్కడ సమాధులు ఎక్కడున్నాయమ్మా, అంతా చేనే కదా" అని ఒకసారి అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చినవాళ్లున్నారు. మర్నాడు ఇల్లిల్లూ తిరిగి, ఎవరెవరి పెద్దలు ఎక్కడ ఉన్నారో రాశాం. ముసలివాళ్లు నేల మీద నిలబడి చూపించారు, తుమ్మచెట్టు నుంచి ఇన్ని అడుగులు, గట్టు నుంచి ఇన్ని అడుగులు అని. 143 పేర్లు వచ్చాయి. అందులో 38 వేరుశనగ చేను కింద.

ఈ పని నాకు తోచింది కాదు. పాకీ పని నిర్మూలన కోసం తిరిగిన సఫాయి కర్మచారీ ఆందోళన్ వాళ్లని చూసి నేర్చుకున్నది. కోలారు బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయన తోటివాళ్లు 2003లో సుప్రీంకోర్టుకి వెళ్లారు. మా దగ్గర ఆ పనే లేదని రాష్ట్రాలు కోర్టుకి చెప్తూ వచ్చాయి. వీళ్లు ఊరూరా తిరిగి మరుగుదొడ్లు, మనుషులు లెక్కపెట్టి, ఫొటోలు తీసి ముందు పెట్టారు. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. పదకొండేళ్లు. మురుగు గుంతల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకి 10 లక్షలు ఇవ్వాలని అందులో చెప్పారు, 2023లో దాన్ని 30 లక్షలు చేశారు. చావులు ఆగలేదు, అది కూడా చెప్పుకోవాలి. కానీ "మా దగ్గర లేదు" అనే మాట మునుపటంత సులువుగా ఇప్పుడు ఎవరూ అనలేరు.

లెక్కపెట్టే పనిలో ఇంకో లాభం ఉంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆఫీసు తలుపులు మూసుకున్న నెలల్లో కూడా చేసుకోవచ్చు. చేతికి పని ఉన్నంతసేపు మనసు తనని తాను తినదు.

గెలుపుని ముక్కలు చేయండి

సారా ఉద్యమం అనగానే అందరూ రాష్ట్రమంతా నిషేధం గురించి మాట్లాడతారు. దగ్గర్నుంచి చూసినవాళ్లకి అది అట్లా మొదలవలేదని తెలుసు. మా జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు అడిగింది తమ ఊళ్లో సారా కొట్టు ఉండకూడదని. ఆ కొట్టు మూతపడింది. ఆ కబురు చదువుల పుస్తకం ద్వారా ఊరూరి రాత్రిబడికీ వెళ్లింది. నేను చదువు చెప్పే పెట్రోమాక్స్ లైటు కింద మా ఆడవాళ్లు అడిగిన ప్రశ్న ఒక్కటే: "వాళ్లూ మనలాంటోళ్లేనా?" మనలాంటోళ్లే అని తేలాక ఇక పాఠం చెప్పనివ్వలేదు, లేచి కొట్టు దగ్గరికి పోయారు. తర్వాతి ముక్క, మండలంలో సారా ప్యాకెట్ల జీపు తిరగకూడదు. ఆ తర్వాతి ముక్క, నెల్లూరులో వేలంపాట జరగకూడదు. పాట వాయిదా పడ్డ ప్రతిసారీ అది ఒక గెలుపే. 1993 ఏప్రిల్లో జిల్లాలో సారా ఆగింది, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం.

1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని ఎత్తేశారు. అప్పుడు నాకు 24. మా ఊళ్లో చాలామంది "అంతా వృథా" అన్నారు, నేనూ అన్నా. ఇప్పుడు అనను. ప్రభుత్వం పాట పెట్టి అమ్మించిన ఆ ప్యాకెట్ సారా మళ్లీ రాలేదు. వచ్చింది వేరే రూపంలో వచ్చింది, దానితో వేరే పోరాటం ఉంది. గెలుపుని ఒకే ముద్దగా చూస్తే 1997లో మొత్తం పోయినట్టే. ముక్కలుగా చూస్తే ఏది పోయింది, ఏది నిలిచింది అని లెక్క చెప్పగలం.

మా శ్మశానానికి మేం రాసుకున్న ముక్కలు: సర్వే నంబరు కనుక్కోవడం, రికార్డు నకలు, కొలత, నోటీసు, రాళ్లు, కంచె, దారి. ఏడు. ఒక్కోటీ అయినప్పుడు కాలనీలో పాయసం. నవ్వకండి. సర్వే నంబరు కనుక్కున్నందుకు పాయసం ఏంటని మా మరిది కూడా నవ్వాడు. రెండు గిన్నెలు తాగాడు.

వంతులు, చిల్లర

పోరాటాలు ఆగిపోయేది చాలాసార్లు కూలి డబ్బుల దగ్గర. నెల్లూరు వెళ్లొస్తే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ, టిఫిను. ఇది ఎప్పుడూ ఒకే ఇద్దరి నెత్తిన పడితే ఆరు నెలల్లో వాళ్లింట్లో గొడవ మొదలవుతుంది. మేం ఇంటికి నెలకి 20 రూపాయలు పెట్టుకున్నాం. వెళ్లినవాళ్లకి చార్జీ, ఒక పూట తిండి. ఎవరూ వరసగా రెండు సోమవారాలు వెళ్లకూడదు. నాట్లప్పుడు, కోతలప్పుడు తిరుగుడు బంద్. ఒక పాతమనిషితో ఒక కొత్తమనిషి వెళ్లాలి. చదువుకున్న పిల్లలు రాయాలి, మాట్లాడేది మాత్రం పెద్దవాళ్లే. లేకపోతే అంతా తమకే తెలుసనుకుంటారు.

లెక్కలు నెలనెలా గోడకి అంటించాలి. పదిరూపాయల అనుమానం పదేళ్ల స్నేహాన్ని తినేస్తుంది.

భయపెట్టినప్పుడు

ఒంటరిగా మాట్లాడటానికి వెళ్లకండి, రాజీకి పిలిచినా సరే. బెదిరింపు ఏ రోజు, ఏ మాటతో, ఎవరి ముందు జరిగిందో అదే రాత్రి పుస్తకంలో రాయండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో, శ్మశానం అందరితో సమానంగా వాడుకోనివ్వకుండా అడ్డుకోవడం కూడా నేరంగా చేర్చారు. ఆ కేసు దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి కూచోవాలి. ప్రతి నెలా 30న ఊళ్లలో పౌరహక్కుల దినం జరపాలి. అది జరిగేట్టు అడగండి, అధికారులు మన వీధిలోకి వచ్చే రోజు అది. ఆడవాళ్లకీ ఎస్సీ, ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, ఫోన్ 15100.

మేం ఆ చట్టం కింద కేసు పెట్టలేదు. పెట్టొచ్చు అని ఎదుటివాళ్లకి తెలిసేట్టు మాత్రం చూసుకున్నాం. మా ఊరికి అది సరిపోయింది. మీ ఊరికి సరిపోకపోవచ్చు, దెబ్బలదాకా వస్తే ఒక్కరోజు కూడా ఆగకండి.

ఓడిన రోజు

2019లో సెక్షన్ 7 నోటీసు వెళ్లింది, పాయసం తాగాం. పన్నెండో రోజున అవతలివాళ్లు కోర్టు నుంచి స్టే తెచ్చుకున్నారు. ఆ సాయంత్రం కాలనీలో ఎవరింట్లోనూ పొయ్యి వెలగలేదు.

ఓడిన రోజుకి ముందే ఏర్పాటు చేసుకోవాలి. మావి నాలుగు ఉన్నాయి. ఒకటి, ఆ రాత్రి అందరం ఒకేచోట తినాలి, ఏముంటే అది. రెండు, మూడు రోజులదాకా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, ఎవరినీ తప్పుపట్టకూడదు. "నేను ముందే చెప్పా" అన్నవాళ్లు పది రూపాయలు డబ్బాలో వేయాలి. ఆ వారం 70 రూపాయలు వచ్చాయి. మూడు, ఉత్తర్వు నకలు తెచ్చి తెలుగులో చదివించుకోవాలి. స్టే అంటే ఓడిపోవడం కాదనీ, తేలేదాకా ఉన్నది ఉన్నట్టు ఉంచమనడమనీ మాకు అప్పుడే తెలిసింది. నాలుగు, కుడి పేజీలో తర్వాతి తేదీ. వాయిదా తేదీ ఉండనే ఉంటుంది, కోర్టుల్లో ఆ ఒక్కదానికీ కరువు లేదు.

ఇలాంటప్పుడు నేను చెప్పే కథ సమత అనే సంస్థది. విశాఖ ఏజెన్సీలో గిరిజన భూముల్ని గనుల కంపెనీలకి లీజుకివ్వడం మీద ఆ సంస్థ కోర్టుకెళ్లింది. హైకోర్టులో కొట్టేశారు. అక్కడితో ఆగి ఉంటే అంతే సంగతులు. సుప్రీంకోర్టుకి వెళ్లారు, 1997 జూలై 11న గెలిచారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి ప్రభుత్వం లీజులివ్వడం చెల్లదన్న ఆ తీర్పుని ఇప్పటికీ గనుల మీద పోరాడే ప్రతి ఊరూ చేతపట్టుకుంటుంది.

కానీ ఈ కథ ఒక్కటే చెప్తే అబద్ధం చెప్పినట్టే. చుండూరు సంగతి కూడా చెప్పాలి. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపారు. బాధితులు పట్టుబట్టి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. ఇరవై మూడేళ్ల తర్వాత. దీన్ని ఏ మాటతోనూ తీపి చేయలేం, చేయకూడదు. ఏటా ఆగస్టు 6న అక్కడ, చనిపోయినవాళ్ల సమాధుల దగ్గర జనం చేరుతూనే ఉన్నారు. గెలుస్తామని కాదేమో. మరిచిపోతే అవతలివాళ్ల పని పూర్తయిపోతుందని. నాకు తెలిసి అది కూడా ఒకరకం ఆశే, పాయసం లేని ఆశ.

అందుకే మీతోటివాళ్లకి "నెలలో అయిపోద్ది" అని ఎప్పుడూ చెప్పకండి. మొదటి ఏడాది నేను ఆ తప్పు చేశాను, ధైర్యం చెప్తున్నాననుకుని. నెల గడిచాక జనానికి తహసీల్దారు మీద కంటే నా మీద ఎక్కువ నమ్మకం పోయింది. మన చేతిలో ఉన్నదే మాటివ్వాలి. "సోమవారం పోతాం" అని చెప్పొచ్చు. "సోమవారం తేల్తది" అని చెప్పకూడదు.

మనిషి అలిసిపోయినప్పుడు

మాలో ఒకతను కరోనా ఏడాది తర్వాత రావడం మానేశాడు. ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. అమ్ముడుపోయాడని పుకారు లేచింది. నేను వాళ్లింటికి వెళ్తే వాళ్లావిడ చెప్పింది, ఆర్నెల్లుగా రాత్రిళ్లు నిద్ర లేదు, అన్నం సయించట్లేదు, పిల్లల మీద అరుస్తున్నాడని. ఇది ద్రోహం కాదు, జబ్బు. ఇలాంటప్పుడు 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అంటారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుడు ఉంటే తోడు వెళ్లండి, అర్జీకి వెళ్లినట్టే ఇద్దరుగా.

మాలో ఇప్పుడు ఒక నియమం ఉంది: ఎవరైనా ఏడాది సెలవు తీసుకోవచ్చు, కారణం అడగం. పుస్తకంలో "సెలవు" అని రాస్తాం. "మానేశాడు" అని రాయం. అతను 14 నెలలకి తిరిగొచ్చాడు. నేనూ ఒకసారి నాలుగు నెలలు తీసుకున్నా. ఆ నాలుగు నెలలూ నేను లేకుండా పని జరిగిందని తెలిసి కాస్త మనసు చివుక్కుమంది కూడా.

ఇప్పుడు ఎక్కడున్నాం

2022లో స్టే ఎత్తేశారు. 2023 ఫిబ్రవరిలో సర్వేయరు గొలుసుతో వచ్చి రాళ్లు నాటించారు. 45లో 36 సెంట్లు వచ్చాయి. మిగతా 9 సెంట్లలో అవతలివాళ్ల బోరు ఉంది, అది ఇంకా కోర్టులో నడుస్తోంది. ఏడు ముక్కల్లో ఐదు అయ్యాయి. కంచె, దారి మిగిలాయి. వెనక పేజీల్లోంచి వీధి దీపాలు ముందుకొచ్చాయి, రచ్చబండ ఇంకా అక్కడే ఉంది.

సంచి దాచిన అవ్వ నిరుడు పోయింది. సంచి ఇప్పుడు వాళ్ల మనవరాలి దగ్గర ఉంది, డిగ్రీ చదువుతోంది. పుస్తకం ఎందుకత్తా, ఫోన్లో పెడితే అదే గుర్తు చేస్తుంది కదా అని పోరు. రెండూ చెయ్యమన్నాను. మొన్న కుడి పేజీలో తర్వాతి వాయిదా పెన్నుతో రాసింది. వాయిదాలు పెన్సిల్‌తో రాయాలని ఈ పిల్లకి ఇంకా నేర్పలేదు.